మా ఇల్లు నెల్లూరు దగ్గర సముద్రం పక్కనున్న మైపాడు వైపు. కొత్త బల్బు వేసినా వరండా లైటు వెలగడం లేదు, టెస్టర్ మాత్రం వెలుగుతోంది. ఏమై ఉంటుంది?

మీ ఇల్లు మైపాడు దగ్గర అన్నారు. నాకు ఆ మాట చాలు. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే వైరు, పోయి ఉంటుంది. ఇంకో బల్బు కొనకండి.

మా మేనమామ వాళ్లది కొత్తపట్నం. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. మూడేళ్ల క్రితం సంక్రాంతికి అందరం అక్కడ చేరాం. భోగికి రెండు రోజుల ముందు వరండా లైటు పోయింది. తెల్లవారుజామున ముగ్గులు వేసేది ఆ వెలుతురులోనే. మామయ్య కొత్త బల్బు వేశాడు, వెలగలేదు. మార్చుకొచ్చి ఇంకోటి వేశాడు, అదీ అంతే. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి, టెస్టర్ పెట్టి, "కరెంటు వస్తోందండీ, హోల్డర్ పోయింది" అని హోల్డర్ మార్చాడు. తర్వాత స్విచ్ మార్చాడు. సాయంత్రానికి, గోడ పగలగొట్టి వైరు కొత్తది లాగాలన్నాడు. పండక్కి రంగు వేయించిన గోడ అది. అత్తకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు పక్క వీధిలో ఉండే రిటైరైన లైన్‌మన్ తాతను పిలిచాం. హోల్డర్‌కు రెండు వైర్లు బిగించిన పాత వంద వాట్ల బల్బు పట్టుకుని వచ్చాడు. స్విచ్ వేయించి, స్టూలెక్కి, సీలింగ్ రోజ్ (పైకప్పుకు ఉండే, బల్బు వైర్లు బిగించే గుండ్రటి డబ్బీ) మూత విప్పి, రెండు స్క్రూల మీదా టెస్టర్ పెట్టాడు. రెండు చోట్లా వెలిగింది. మా బల్బు తీయించి మళ్లీ టెస్టర్ పెడితే ఒక్కచోటే వెలిగింది. తన బల్బు వైర్లు ఆ రెండింటికీ ఆనిస్తే అసలు వెలగలేదు. "కరెంటు వస్తోంది గానీ తిరిగి పోయే దారి తెగిందిరా" అన్నాడు. మెయిన్ ఆపించి, వైర్లు కలిపే జంక్షన్ బాక్స్ తెరిచాడు. న్యూట్రల్ జాయింటు మీది టేపు ఊడిపోయి, రాగి తీగంతా పూజ సామాన్లకు పట్టినట్టు పచ్చగా చిలుము పట్టి ఉంది. వేలితో తాకితే విరిగింది. ఉప్పుగాలి చేసిన పని. చెడిన ముక్క కత్తిరించి, కొత్త తీగ తేల్చి, కనెక్టర్‌లో బిగించాడు. పావుగంట పట్టింది.

టెస్టర్ వెలిగితే అంతా బాగున్నట్టే అనుకోవడమే అసలు తప్పు. అందులోని చిన్న దీపానికి మన ఒంట్లోంచి పోయే పిసరంత కరెంటు చాలు. ఫేజ్, అంటే కరెంటు వచ్చే వైరు, ఉందని చెబుతుంది, న్యూట్రల్ సంగతి దానికి తెలియదు. నాకు ఇంకో బాధ కూడా ఉంది. టైల్స్ కోసం నెల్లూరు, ఒంగోలు షాపులన్నీ తిరిగేవాళ్లం, వైర్లు ఎలా కలిపారో ఒక్కసారి చూడం. రెండు తీగలు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తారు. సముద్రం పక్క ఊళ్లలో అది ఎన్నాళ్లు ఆగుతుంది? పైగా ఇప్పుడు ఆ బాక్సుల కింద ఫాల్స్ సీలింగ్ కొడుతున్నారు, రేపు తెరవాలంటే ఎలా?

మీరు మాత్రం స్విచ్ ఆపాం కదా అని చేయి పెట్టకండి. పాత ఇళ్లలో స్విచ్‌ను న్యూట్రల్ మీద పెట్టినవి చాలా చూశాను, ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది. న్యూట్రల్ తెగినప్పుడైతే కరెంటు బల్బులోంచి వచ్చి, నల్లగా ఉండే ఆ న్యూట్రల్ వైరు కూడా 230 వోల్టుల షాక్ కొడుతుంది. మెయిన్ ఆపాకే ఏదైనా ముట్టుకోవాలి. ఎలక్ట్రీషియన్ వస్తే టెస్టర్ పక్కన పెట్టి, తాత తెచ్చినలాంటి టెస్ట్ బల్బుతో చూడమనండి. గోడ మీద సుత్తి పడకముందే వరండా జంక్షన్ బాక్స్ తెరిపించండి.