సాతానును ఎవరు శోధించారు? గుంటూరు, గుణదలల్లో నేను విన్న జవాబులు

మీ ప్రశ్న ఇది: "దేవుడు మంచివాడిగా చేసిన దేవదూత, పాపమే లేని పరలోకంలో, శోధించేవాడు (అంటే పాపానికి ప్రేరేపించేవాడు) ఎవరూ లేకుండా ఎందుకు తిరగబడ్డాడు? గర్వం వల్ల అంటారు. మరి ఆ గర్వం ఎక్కడి నుంచి వచ్చింది?" ఇందులో మొదటి సగానికి క్రైస్తవుల్లో చాలా జవాబులున్నాయి. రెండో సగం దగ్గర మహామహా వేదాంతులు కూడా చేతులెత్తేశారు. కాకపోతే ఎందుకు ఎత్తేస్తున్నారో కారణం చెప్పి మరీ ఎత్తేశారు. నా మట్టుకు ఆ కారణమే అసలు జవాబు.

నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో ముందు చెబుతాను. పుట్టిల్లు గుంటూరు, లూథరన్ (ప్రొటెస్టెంట్) కుటుంబం. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ చెట్టుకు మేము ఒక చిన్న కొమ్మ. మెట్టినిల్లు విజయవాడ గుణదల, తరతరాలుగా ఆర్.సి.ఎం., అంటే రోమన్ కతోలికులు. మా మావయ్యగారు రైల్వేలో రిటైరయ్యాక విచారణలో (కతోలిక గుడి పరిధిని అలా అంటారు) ఉపదేశిగా చేశారు. నేను సండే స్కూల్ టీచర్‌ని. కాబట్టి ఈ విషయం మా ఇంట్లో భోజనాల దగ్గర బాగానే నలిగింది.

బైబిల్ ఏం చెబుతుందో చూద్దాం. మనం చిన్నప్పటి నుంచి విన్న కథ, అంటే లూసిఫర్ అనే అందమైన ప్రధానదూత దేవుడి సింహాసనం కోరుకోవడం, యుద్ధం, మూడోవంతు దూతలతో పడిపోవడం, ఇలా వరసగా బైబిల్లో ఎక్కడా లేదు. ముక్కలున్నాయి, వాటిని కలిపి కుట్టింది తర్వాతివాళ్ళు. "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి?" అనేది యెషయా 14లో ఉంది. కానీ ఆ అధ్యాయం నాలుగో వచనం చదివితే అది బబులోను రాజును ఎత్తిపొడిచే పాట అని తెలుస్తుంది. యెహెజ్కేలు 28లో కెరూబు (ఒక రకం దేవదూత), ఏదెను తోట, సౌందర్యం చూసుకుని గర్వించడం ఉన్నాయి. అది తూరు రాజు మీద పాడిన విలాపగీతం. తూరు పెద్ద ఓడరేవు, అందుకే అక్కడ వర్తకం గురించి అన్ని మాటలు. ఈ రెండు భాగాలూ సాతాను గురించేనని మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు గట్టిగా వాదించాడు, తర్వాత చాలామంది అదే బాట పట్టారు. ప్రొటెస్టెంట్ ఉద్యమ నాయకులు లూథర్, కాల్విన్ ఇద్దరూ యెషయా 14 బబులోను రాజు గురించే అన్నారు. మా లూథరన్ పెద్దలకే ఈ సంగతి చెబితే నమ్మరు! ప్రకటన 12లో ప్రధానదూత మిఖాయేలు సాతానుతో చేసిన యుద్ధం ఉంది గానీ అది సృష్టికి ముందు జరిగిందా, క్రీస్తు జననం తర్వాతదా అన్నది ఆ అధ్యాయం చదివేవాళ్ళు తేల్చుకోవాల్సిందే. క్రీస్తును సూచించే మగశిశువు పుట్టుక అయ్యాకే యుద్ధం వస్తుంది మరి.

సూటిగా ఉన్నవి చిన్న వాక్యాలు. యూదా పత్రిక ఆరో వచనం: కొందరు దూతలు తమ స్థానం నిలుపుకోకుండా తమ నివాసం విడిచారు. యోహాను 8:44: వాడు సత్యంలో నిలవలేదు. 1 తిమోతి 3:6: కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ణి సంఘానికి అధ్యక్షుడిగా పెట్టొద్దు, గర్వంతో కళ్ళు మూసుకుపోయి అపవాదికి (సాతానుకు) పడిన శిక్షలోనే పడతాడు. గర్వం అనే జవాబుకు కొత్త నిబంధనలో ఉన్న బలమైన ఆధారం ఈ మూడోదే. అదీ సంఘ పరిపాలన గురించి చెబుతూ పక్కన అన్న మాట.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. మన కూటాల్లో ప్రసంగీకులు "లూసిఫర్ పరలోకంలో క్వయర్ లీడర్, సంగీతమే వాణ్ణి పడేసింది" అని చెప్పి మా పాటల పిల్లల వైపు వేలు చూపిస్తుంటారు. ఒకసారి కీబోర్డు వాయించే కుర్రాడు ఆ ప్రసంగం తర్వాత నెలలపాటు స్టేజి ఎక్కలేదు. వాడి టెన్షన్ చూసి నాకు ఒళ్ళు మండింది. దీనంతటికీ ముఖ్య ఆధారం యెహెజ్కేలు 28:13లో పిల్లనగ్రోవుల ప్రస్తావన. అది చూసినా తూరు రాజు కొలువులో వాయించేవాళ్ళే కనిపిస్తారు. క్వయర్ లీడర్ కథ అక్కడి నుంచి ఊహించి అల్లిందే.

సరే, సంఘ చరిత్రలో వచ్చిన జవాబులు. పాతకాలంలో చాలామంది చెప్పింది గర్వం కన్నా అసూయ. రెండో శతాబ్దపు ఇరేనియస్, 258లో హతసాక్షి అయిన కార్తేజి బిషప్పు సిప్రియన్ ఇద్దరూ, దేవుడు మట్టితో చేసిన మనిషికి తన పోలికనిచ్చాడని చూసి ఆ దూత ఓర్వలేకపోయాడని రాశారు. కతోలిక బైబిల్లో ఉండే జ్ఞానగ్రంథం 2:24 కూడా పిశాచి అసూయ వల్లే మరణం లోకంలోకి వచ్చిందంటుంది. మావయ్యగారు ఎప్పుడూ ఈ వచనమే పట్టుకునేవారు. "మీ బైబిల్లో ఆ పుస్తకం తీసేశారు కాబట్టి మీకు సగం జవాబే ఉందమ్మా" అని నన్ను ఆటపట్టించేవారు. ఆదాము హవ్వల జీవితం గురించి ప్రచారంలో ఉన్న ఒక పాత కథలో, దేవుడి పోలికలో ఉన్న ఆదాముకు నమస్కరించమని మిఖాయేలు చెబితే సాతాను ఒప్పుకోడు, నేను ముందు పుట్టానంటాడు. గుంటూరులో నాతో పనిచేసిన ముస్లిం అక్కయ్య ఇది విని, "ఇది మా ఇబ్లీసు కథే కదా" అంది. ఇబ్లీసు అంటే ఇస్లాంలో సైతాను. ఖురాన్లో ఇబ్లీసు, నన్ను నిప్పుతో చేశావు, అతన్ని మట్టితో చేశావు అని వాదిస్తాడు. అతను దేవదూత కాదు, జిన్ను అని కూడా ఖురాన్లో ఉంది, ఆ తేడా మరిచిపోకూడదు.

అసూయ జవాబుకు, సుమారు 400 నాటి బిషప్పు, వేదాంతి అగస్టీన్ ఒక చిక్కు చూపించాడు. తను గొప్ప అనుకోనివాడికి అసూయ పుట్టదు కదా, అంటే ముందు గర్వం, దాని వెనకే అసూయ. నాకిది సరైన వాదనే అనిపిస్తుంది. మావయ్యగారికి చెబితే, "అగస్టీనుగారు మా పునీతుడే, నేను కాదంటానా!" అని నవ్వేశారు.

మరో దారి ఉంది. రాబోయే కాలంలో దేవుని కుమారుడు మనిషి అవుతాడని దూతలకు ముందే తెలియజేస్తే, ఆ గౌరవం తనకు దక్కాలని లూసిఫర్ కోరుకున్నాడని స్పెయిన్ వేదాంతి సువారెజ్ (1548-1617) రాశాడు. విజయవాడ లయోలా కాలేజీ నడిపే జెస్విట్ల సభవాడే ఆయన. నూజివీడు ఆసుపత్రి వల్ల మనవాళ్ళకు తెలిసిన అడ్వెంటిస్టులు (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) కూడా దగ్గరగానే చెబుతారు: కుమారుడికున్న స్థానం చూసి లూసిఫర్ అసూయపడ్డాడని, దేవుడు వాణ్ణి వెంటనే నాశనం చేయకపోవడానికి కారణం ఆ తిరుగుబాటు ఎలాంటిదో లోకాలన్నీ చూడాలని. కథగా బాగుంటుంది. బైబిల్ ఆధారం మాత్రం పల్చన.

ఇక గర్వం. "దేవుడి కుర్చీ లాక్కోవాలనుకున్నాడు" అని మనం సులువుగా అనేస్తాం. అంత తెలివైన దూతకు, సృష్టికర్తను ఓడించడం కుదరదని తెలియదా? ఈ ప్రశ్న వేసింది 13వ శతాబ్దపు కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్. దేవుడితో సమానం కావాలని వాడు కోరి ఉండడంటాడు. అది అసాధ్యమని వాడికి తెలుసు, పైగా వేరే స్వభావంలోకి మారిపోవాలని ఎవరూ కోరుకోరు. గాడిద గుర్రం కావాలనుకోదు, అయితే అది ఇక గాడిదగా మిగలదు కదా, అని ఆయనే ఉదాహరణ ఇచ్చాడు. మరి వాడు కోరిందేమిటి? దేవుడు కృపగా ఇవ్వబోయే ఆనందాన్ని తన సొంత శక్తితో పొందాలనుకున్నాడు. కోరింది మంచిదే, దాన్ని ఒకరి చేతి నుంచి అందుకోవడం మాత్రం ఇష్టం లేకపోయింది.

ఇది నాకు పుస్తకంలో కన్నా మా సండే స్కూల్లో బాగా అర్థమైంది. క్రిస్మస్ ట్రీ కార్యక్రమంలో మా పిల్లలు వేసే నాటికలో గబ్రియేలు దూత వేషానికి గొప్ప పోటీ, థర్మోకోల్ రెక్కలుంటాయి కాబట్టి. ఒక ఏడాది ఆ వేషం ఎవరికివ్వాలో మేము అప్పటికే అనుకున్నాం, ఇంకా ప్రకటించలేదు. ఎవరికి ఇద్దామనుకున్నామో ఆ పిల్లవాడే ముందురోజు రెక్కలు ఇంటికి పట్టుకుపోయాడు. "అడిగితే ఇచ్చేవాళ్ళమే కదరా" అంటే, "మీరు ఇవ్వడం ఏంటి టీచర్, నాకు వచ్చు కదా" అన్నాడు. వాళ్ళమ్మ సిగ్గుపడిపోయింది గానీ నాకు మాత్రం నవ్వాగలేదు.

అక్వినాస్ కన్నా ముందే, 11వ శతాబ్దంలో, అన్సెల్ము అనే వేదాంతి అచ్చంగా ఈ పతనం మీదే గురుశిష్యుల సంభాషణగా ఒక గ్రంథం రాశాడు. మీ ప్రశ్నను అంత మొండిగా వెంటాడినవాళ్ళు వేరే లేరని నా అభిప్రాయం. దూతకు దేవుడు రెండు కోరికలిచ్చాడంటాడు: సుఖంగా ఉండాలనే కోరిక, న్యాయంగా ఉండాలనే కోరిక. రెండూ దేవుడిచ్చినవే, రెండూ మంచివే. పడిన దూత మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాడు. నిలబడిన దూతలు రెండోదాన్ని వదల్లేదు, చివరికి మొదటిది కూడా వాళ్ళకే దక్కింది. వాడు సరిగ్గా ఏ వస్తువు కోరాడో తనకు తెలియదని అన్సెల్మే అన్నాడు. శిష్యుడు ఊరుకోకుండా, "మరి వాడు ఎందుకు అలా కోరాడు?" అని అడుగుతాడు. గురువు జవాబు: కోరాడు కాబట్టే కోరాడు, ఆ కోరికకు వెనక వేరే కారణం లేదు.

మా క్లాసులో ఒక పాప ఇదే అడిగింది. "టీచర్, హవ్వను సాతాను శోధించాడు. సాతానును ఎవరు శోధించారు?" ఆ వారం మా పాస్టర్ అయ్యగారిని అడిగితే, "బైబిల్లో లేదమ్మా, పిల్లలకు లేదని చెప్పేయండి" అన్నారు. నిజాయితీగల జవాబే. కాల్విన్ కూడా దాదాపు ఇదే అంటాడు, దూతల పతనం వివరాలు లేఖనాలు చెప్పలేదు, మనకు అవసరం లేవు కాబట్టి చెప్పలేదని. కానీ పదేళ్ళ పిల్ల ముందు అలా అని కూర్చోలేం కదా. ఎవరూ శోధించలేదనే చెప్పాను. వెనక ఇంకొకరు ఉండి ఉంటే, వాళ్ళను ఎవరు శోధించారని మళ్ళీ అడుగుతావు, ఎక్కడో ఒకచోట ఒకరు తమంతట తామే తప్పు ఎంచుకుని ఉండాలి అన్నాను. పాప కాసేపు ఆలోచించి, "అయితే మొదటివాడికి సాకు లేదన్నమాట" అంది.

అగస్టీన్ చెప్పింది కూడా అదే. చెడ్డ సంకల్పానికి కారణం వెతకడం చీకటిని చూడాలని, నిశ్శబ్దాన్ని వినాలని అనుకోవడం లాంటిదని రాశాడు. కారణం దొరికిందనుకోండి, అది దేవుడిచ్చిన స్వభావంలో ఉండాలి, లేదా బయటి నుంచి రావాలి. మొదటిదైతే తప్పు దేవుడి మీదకు పోతుంది. రెండోదైతే దూత బాధితుడు అవుతాడు, తిరుగుబాటుదారు కాడు. 1215లో రోములో జరిగిన లాతరన్ మహాసభ (కతోలిక సంఘ పెద్దల సభ) పిశాచాలను దేవుడు మంచి స్వభావంతోనే సృష్టించాడని, అవి తమంతట తామే చెడ్డవయ్యాయని తీర్మానించినప్పుడు కూడా అడ్డుకున్నది మొదటి ప్రమాదాన్నే. కాబట్టి "గర్వం ఎక్కడి నుంచి వచ్చింది" అన్నదానికి నా జవాబు: వాడి నుంచే వచ్చింది, దాని వెనక తలుపు లేదు. ఇది తప్పించుకునే జవాబని కొందరంటారు. స్వేచ్ఛ అనేది ఉందని ఒప్పుకున్నవాళ్ళు ఎవరైనా ఎక్కడో ఒకచోట ఇక్కడికే చేరాలి.

కింద వ్యాఖ్యలో ఒకరు, వాడు పశ్చాత్తాపపడితే దేవుడు క్షమించడా అని కూడా అడిగారు. చివరికి వాడూ మారవచ్చన్న ఆలోచన ఓరిజెన్ పేరు మీద చాలాకాలం నడిచింది, ఆరో శతాబ్దంలో సంఘం దాన్ని ఖండించింది. అక్వినాస్ లెక్క ప్రకారం దూతలు మనలా తెలిసీ తెలియక, ఊగిసలాడుతూ ఎంచుకోరు. ఒక్కసారే పూర్తి తెలివితో ఎంచుకుంటారు, అందుకే అది మారదు. మనుషులకు మరణం ఎలాంటిదో దూతలకు పతనం అలాంటిదని ఎనిమిదో శతాబ్దపు వేదాంతి డమస్కు యోహాను మాట. మావయ్యగారు దీన్ని ఒప్పుకునేవారు. అత్తయ్యగారు మాత్రం గుణదల తిరునాళ్ళలో కొండెక్కుతూ "అయినా వాడి కోసం ఎవరూ ప్రార్థన చెయ్యరా పాపం" అనేవారు. ఆవిడకు ఎవరం జవాబు చెప్పలేదు.

చదవాలనుకుంటే యూదా పత్రికతో మొదలుపెట్టండి, ఒక్క అధ్యాయమే. తర్వాత యోహాను 8, 1 తిమోతి 3. యెషయా 14, యెహెజ్కేలు 28 ఆఖర్న, ఏ రాజు గురించి అన్నది చూసుకుంటూ మొదటి వచనం నుంచి చదవండి.