సెకండ్ హ్యాండ్ పిస్తోలుకి 600 డాలర్లు సరిపోతాయా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. నాకూ నా భార్యకూ గ్రీన్ కార్డులున్నాయి. గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని చిన్న స్టోర్ నడుపుతున్నాం. రాత్రి 11 దాటాక గల్లా డబ్బు పట్టుకుని ఒక్కడినే ఇంటికొస్తాను. పదేళ్లలోపు పిల్లలిద్దరు. ఎఫ్-1 వీసా మీద చదువుతున్న మా బావమరిది మాతోనే ఉంటాడు. బట్టల చాటున వెంట ఉంచుకోవడానికీ, ఇంట్లో రక్షణకీ రెండింటికీ పనికొచ్చే పాత పిస్తోలు ఒకటి కొనాలని 600 డాలర్లు పక్కన పెట్టాను. తెలిసినవాళ్లు చిన్న .38 రివాల్వర్ 350కి ఇస్తామంటున్నారు. పోలీసులు వాడి మార్చేసిన గ్లాక్ 22 ఒక షాపులో 310కి ఉంది. ఏది తీసుకోమంటారు? బావమరిదికి కూడా ఒకటి నా పేరు మీదే తీసుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. అక్కడ తేడా వస్తే పోయేది మూడు వందల డాలర్లు కాదు, మీ గ్రీన్ కార్డు.

తీసుకోకూడదు. షాపులో మీరు నింపే 4473 ఫారంలో, ఈ తుపాకీని అసలు కొంటున్నది మీరేనా అని సూటిగా అడుగుతారు. ఇంకొకరి డబ్బుతో ఇంకొకరి కోసం కొంటూ అవునని రాస్తే అది ఫెడరల్ నేరం. అవతలి మనిషికి తుపాకీ ఉంచుకునే హక్కు ఉన్నా సరే నేరమే. ఒక మాజీ పోలీసు తన బంధువు కోసం గ్లాక్ 19 కొన్నాడు. ఆ బంధువు చట్టప్రకారం కొనుక్కోగలవాడే. అయినా 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పోలీసుకు పడిన శిక్షను నిలబెట్టింది. 2022లో వచ్చిన చట్టం, తుపాకీ ఉంచుకోకూడనివాళ్ల కోసం చేసే బినామీ కొనుగోలుకు 15 ఏళ్ల దాకా జైలు పెట్టింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి కూడా అదే కారణం అవుతుంది.

మీ బావమరిది సంగతి ఇంకా కఠినం. ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అది లేకుండా వారాంతంలో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. మన పిల్లలు చాలామందికి ఈ సంగతి తెలియదు. పైగా ఆ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడుతున్నారు. కాబట్టి మీ ఇంట్లో తుపాకీ పెట్టె కోడ్ మీ భార్యాభర్తలిద్దరికే తెలియాలి. బావమరిది చేతికి అందేలా సొరుగులో పెడితే, అది అతని స్వాధీనంలో ఉన్నట్టే అని వాదించే వీలు దొరుకుతుంది.

ఇప్పుడు మీ కొనుగోలు. పాత కారు కొనేటప్పుడు ధరతో పాటు మైలేజీ, టైర్లు, ఇన్సూరెన్సు లెక్కేస్తాం కదా, ఇక్కడా అంతే. 600లో తుపాకీకి సగం మించకూడదు. మిగతా సగం తాళానికి, హోల్‌స్టర్‌కి (నడుముకి తగిలించుకునే తుపాకీ ఒర), తూటాలకి, నేర్చుకోవడానికి. ఈ లెక్కతో మీకు చెప్పిన రెండూ తేలిపోతాయి.

చిన్న .38 రివాల్వర్ చూడ్డానికి సులువుగా ఉంటుంది. గుండ్రంగా తిరిగే సిలిండర్, ఐదు తూటాలు, ఇరుక్కునే స్లైడ్ (పిస్తోలు పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లేదు. కానీ రెండంగుళాల బ్యారెల్ (గొట్టం), అరకిలో కూడా లేని బరువు, ట్రిగ్గర్ లాగడానికి పది పన్నెండు పౌన్ల బలం. కొత్తవాళ్లు లాగుతుంటే తుపాకీ ముక్కు పక్కకి జరిగిపోతుంది. చిన్న తుపాకీ కాబట్టి కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ మొత్తం అరచేతికే తగులుతుంది, రెండో పెట్టె తూటాలు కాల్చాలంటేనే మనసు రాదు. సాధన మానేసే తుపాకీ ఎంత చవకైనా దండగే. సాధన తూటా ఒక్కోటి 45 సెంట్ల చుట్టుపక్కల పడుతుంది, 9 ఎంఎం సైజు తూటా అయితే 28 సెంట్ల దగ్గర దొరుకుతుంది.

గ్లాక్ 22 మంచి తుపాకీయే. అంత చవకగా రావడానికి కారణం ఉంది. ఎఫ్‌బీఐ 2015 ప్రాంతంలో .40 క్యాలిబర్ (తూటా సైజు) వదిలి 9 ఎంఎంకి మళ్లింది. ఆ దారిలోనే ఊరూరా పోలీసు శాఖలు తమ .40లు డీలర్లకు ఇచ్చి కొత్తవి తెచ్చుకున్నాయి. వాటిని రోజూ నడుముకి కట్టుకున్నారు గానీ పెద్దగా కాల్చలేదు కాబట్టి పైన రంగు అరిగి ఉంటుంది, లోపల బాగుంటుంది. చిక్కు రెండు చోట్ల. .40 తూటా ఒక్కోటి పది పన్నెండు సెంట్లు ఎక్కువ. ఏడాదికి 600 తూటాలు కాల్చినా 60, 70 డాలర్ల తేడా. 310కి కొని మిగిలిందనుకున్నది రెండేళ్లలో తూటాల మీదే పోతుంది. రెండోది, అది పూర్తి సైజు డ్యూటీ పిస్తోలు. డాలస్ ఎండల్లో పలుచటి చొక్కా కింద నాలుగున్నర అంగుళాల బ్యారెల్, అంత పొడుగు గ్రిప్ దాచడం కష్టం.

నా మాట: 9 ఎంఎంలో స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ షీల్డ్, మొదటి తరం. 2012లో వచ్చింది. పలచగా ఉంటుంది, 3.1 అంగుళాల బ్యారెల్, 7 తూటాల మ్యాగజైన్ (తూటాలు నింపి పిడిలోకి దూర్చే పెట్టె) ఒకటి, 8 తూటాలది ఒకటి. అది ఇప్పుడు 250 నుంచి 300కి దొరకడానికి నాణ్యత తగ్గడం కారణం కాదు. 2018లో సిగ్ పీ365 అదే సైజులో పది తూటాలు పట్టించింది. 2021లో స్మిత్ అండ్ వెసన్ కూడా షీల్డ్ ప్లస్ తెచ్చింది. ఎక్కువ తూటాల మోజులో జనం పాతవి అమ్మేసుకున్నారు. వాళ్ల తొందర మీకు లాభం. ఒక్క జాగ్రత్త తీసుకోండి. 2013 ఆగస్టు 19కి ముందు తయారైన షీల్డ్‌లలో ట్రిగ్గర్ లోపం వల్ల కింద పడితే పేలే ప్రమాదం ఉందని కంపెనీయే హెచ్చరిక ఇచ్చింది. అలాంటిది ఎదురైతే మార్పు చేయించారా అని అడగండి, లేదంటే కంపెనీకే పంపించి సరిచేయించుకోండి. గ్లాక్ 19 పాతది 400 లోపు దొరికితే అది ఇంకా మంచి ఎంపిక, ఇంటికైతే మరీను, కానీ దాంతో ఖర్చు ఇంకా పైకి పోతుంది.

షాపులో చేతికివ్వగానే చేయాల్సిన మొదటి పని: మూతి ఎవరూ లేని వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా. ముందు మ్యాగజైన్ బయటికి తీయండి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. ఈ వరుస తారుమారైతే, అంటే స్లైడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, పై తూటా ఛాంబర్‌లోకి దూరి అక్కడే ఉండిపోతుంది. ఖాళీ అనుకున్న తుపాకీలు పేలే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇదే.

అక్కడి నుంచి తీరిగ్గా చూడండి. విడదీసి చూడనివ్వమని అడగండి, ఒప్పుకోని షాపు నుంచి బయటికి వచ్చేయండి. బ్యారెల్‌లోకి ఒకవైపు నుంచి ఫోన్ లైటు వేసి రెండోవైపు నుంచి చూస్తే మెలికల గీతలు పదునుగా కనిపించాలి. గాజు గొట్టంలో ఉంగరం ఉన్నట్టు మధ్యలో నల్లటి వలయం కనిపిస్తే బ్యారెల్ ఉబ్బిందన్నమాట. ఎప్పుడో తూటా మధ్యలో ఆగిపోతే, దాని మీద ఇంకోటి కాల్చారు. దాన్ని వదిలేయండి. చిన్న చిన్న తుప్పు గుంటలు ఛాంబర్‌లో ఉంటే కాలిన కేసు (తూటా ఖాళీ తొడుగు) బయటికి రాకుండా పట్టేస్తుంది. కేసును లాగే కొక్కెం అంచు విరగలేదని గోటితో గీరి చూడండి. స్లైడ్ కూర్చునే పట్టాల దగ్గర, ఫ్రేములో పిన్నుల చుట్టూ వెంట్రుకవాసి బీట కూడా ఉండకూడదు.

తర్వాత స్ప్రింగు. ఖాళీ తుపాకీ మూతి పైకి పెట్టి, స్లైడ్‌ని కొంచెం వెనక్కి లాగి చేత్తోనే నెమ్మదిగా ముందుకు పోనివ్వండి. పూర్తిగా మూసుకోకుండా ఆఖరి పావు అంగుళంలో ఆగిపోతే రికాయిల్ స్ప్రింగు (స్లైడ్‌ని ముందుకు తోసేది) అలసిపోయి ఉండొచ్చు. ఇరవై ముప్పై డాలర్ల భాగం కాబట్టి అది లోపం కాదు, బేరానికి పట్టు. మ్యాగజైన్‌ల పై అంచులు వంగినా, బీటలు వారినా మాత్రం వాటిని పారేసి కొత్తవి కొనండి. పాత పిస్తోళ్లు తూటా ఎక్కించుకోకపోవడానికి ఎక్కువ సార్లు తప్పు మ్యాగజైన్‌దే. ఒకటే మ్యాగజైన్ ఇస్తుంటే రెండోదాని ధర తగ్గించమనండి. ట్రిగ్గర్ మార్చాం, పాలిష్ చేశాం, చాలా తేలిగ్గా ఉంటుంది అని అమ్మేవాళ్లు గొప్పగా చెబితే, అదే కొనకపోవడానికి కారణం. ఇంట్లో కూర్చుని సానపట్టిన భాగం ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

డీలర్ (లైసెన్సున్న తుపాకీ షాపు) దగ్గరికి వెళ్లేటప్పుడు గ్రీన్ కార్డు కూడా పట్టుకెళ్లండి, దాని నంబర్ ఫారంలో రాయాలి. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పుడున్న ఇంటి చిరునామా ఉండాలి, లేదంటే దాన్ని చూపే మరో ప్రభుత్వ పత్రం వెంట ఉండాలి. ఇల్లు మారి లైసెన్సు మార్చుకోనివాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పౌరులు కానివాళ్లకు నేపథ్య పరీక్షలో ఇమిగ్రేషన్ రికార్డు కూడా చూస్తారు కనుక అక్కడికక్కడే అనుమతి రాకపోవచ్చు. అది తిరస్కరణ కాదు, కంగారు పడకండి. తెలిసినవాళ్ల దగ్గర నేరుగా కొనడం టెక్సాస్‌లో చట్టబద్ధమే, కానీ మీ ఇమిగ్రేషన్ స్థితిలో ఇరవై ముప్పై డాలర్లు ఇచ్చి డీలర్ ద్వారా బదిలీ చేయించుకుంటే చేతిలో కాగితం ఉంటుంది. ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రం నుంచి కొంటే అది తప్పనిసరి.

లెక్క ఇలా వస్తుంది. షీల్డ్ 290, దాని మీద 8.25 శాతం పన్ను కలిపి 314. గట్టి ప్లాస్టిక్ కైడెక్స్ హోల్‌స్టర్ 45, బరువుకి వంగని బెల్టు 35. బటన్లు నొక్కితే తెరుచుకునే ఉక్కు పెట్టె 70. సాధన తూటాలు 150కి 42. రక్షణకు వాడే హాలో పాయింట్ తూటాలు (మొనలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునేవి) 50కి 40. క్యారీ లైసెన్సు క్లాసు 60, ప్రభుత్వ ఫీజు 40. మొత్తం 646. మీ దగ్గర 46 తక్కువ. తుపాకీ ధరలో కోయకండి, పెట్టె అసలు కోయకండి, ఒక్క నెల ఆగండి. అత్యవసర నిధి నుంచి తీయడం గానీ, క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టడం గానీ వద్దు.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 దాటినవాళ్లు లైసెన్సు లేకుండానే తుపాకీ వెంట ఉంచుకోవచ్చు కదా, ఆ వంద ఎందుకు అనిపిస్తుంది. స్కూలుకి వెయ్యి అడుగుల లోపు తుపాకీతో ఉండటం ఫెడరల్ నేరం, రాష్ట్రం లైసెన్సు ఇచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది. రోజూ పిల్లల్ని స్కూల్లో దించే తండ్రికి ఆ ఒక్క కారణం చాలు. క్లాసులో ఎప్పుడు తుపాకీ తీయొచ్చు, ఎప్పుడు తీయకూడదు అన్న చట్టమూ చెబుతారు. చివర్లో 3, 7, 15 గజాల దూరాల్లో 50 తూటాలు కాల్పించి చూస్తారు.

హోల్‌స్టర్ విషయంలో పదిహేను డాలర్ల గుడ్డ సంచి వద్దు. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసి ఉంచేదే కావాలి. తిరిగి పెట్టుకునేటప్పుడు చొక్కా అంచు లోపలికి దూరి ట్రిగ్గర్‌ని నొక్కేస్తుంది, తొడకి తూటా తగిలేది అలాగే. కాబట్టి చొక్కా పూర్తిగా పైకెత్తి, చూసుకుంటూ, నెమ్మదిగా పెట్టండి. వెంట పెట్టుకునే ముందు 150 సాధన తూటాలూ, హాలో పాయింట్‌లో కనీసం 20 కాల్చి చూడండి. మళ్లీ మళ్లీ ఇరుక్కుంటుంటే ముందు మ్యాగజైన్ మార్చి చూడండి, తర్వాత స్ప్రింగు, ఆ తర్వాత మీ పట్టు. మణికట్టు వదులుగా ఉంటే మంచి పిస్తోలు కూడా ఇరుక్కుంటుంది.

ఇంట్లో పిల్లల గురించి ఒక్క సెకను కూడా నమ్మకం మీద వదలకండి. అల్మారా పైన, దిండు కింద, భార్య చీరల మధ్య... పిల్లలకు తెలియని చోటు ఇంట్లో ఉండదు. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేయడం టెక్సాస్‌లో నేరం కూడా. పెట్టెని మంచం పక్క బల్లకి లోపలి నుంచి బోల్టులతో బిగించండి, లేకపోతే దొంగ పెట్టెతో సహా పట్టుకెళ్తాడు. అమెరికా ఇళ్ల లోపలి గోడలు జిప్సమ్ బోర్డు. హాలో పాయింట్ అయినా సరే వాటిని దాటిపోతుంది. మీ పడకగది తలుపు నుంచి పిల్లల గది ఏ వైపు ఉందో, ఏ దిక్కుకి ఎప్పటికీ కాల్చకూడదో పగటిపూట మీరూ మీ భార్యా నిలబడి చూసుకోండి.

ఆ పని చేసే రోజే హార్డ్‌వేర్ షాపులో పది డాలర్లకు మూడంగుళాల స్క్రూలు కొని, ముందు తలుపు గొళ్లెం పడే రేకుకీ, బందులకీ బిగించండి. కట్టేటప్పుడు వేసేవి చాలాసార్లు ముప్పావు అంగుళం స్క్రూలు, ఒక్క తన్నుకి ఊడొస్తాయి. స్టోర్ డబ్బు కూడా రాత్రి ఒక్కరే మోసుకురావడం మానేసి, డ్రాప్ సేఫ్‌లో (చీలికలోంచి డబ్బు వేసే ఇనప్పెట్టె) వేసి పగలు బ్యాంకులో కట్టండి. మీ ప్రాణానికి ఇవి పిస్తోలు కన్నా ముందు రక్షణ.

మీ ఇంటి ఇన్సూరెన్సులో తుపాకీ దొంగతనానికి ఎంత పరిమితి ఉందో చూసి, సీరియల్ నంబర్ ఫొటో తీసి వేరే చోట దాచుకోండి. రేంజ్‌కి వాడే బ్యాగుని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడొద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్ కింద కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.