కేబుల్ టీవీ: స్తంభం ఎవరిది, రోడ్డు ఎవరిది?

ప్రశ్న: మా వీధి కరెంటు స్తంభాల మీద కేబుల్ వైర్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. మున్సిపాలిటీ వాళ్లు స్తంభాలు మావి కావంటారు, కరెంటాఫీసు వాళ్లు వైర్లు మావి కావంటారు. ఎవరిని అడగాలి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇద్దరూ చెప్పింది నిజమే, అందుకే పని కావడం లేదు. స్తంభం డిస్కమ్‌ది, అంటే కరెంటు పంపిణీ సంస్థది. దానికి కేబుల్ కట్టాలంటే డిస్కమ్ అనుమతి తీసుకుని అద్దె కట్టాలి. కాబట్టి అర్జీ మీ కరెంటాఫీసు సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఇవ్వండి. ‘వైర్లు తీయించండి’ అని రాస్తే కాగితం ఫైల్లో పడి ఉంటుంది. ‘ఈ స్తంభానికి కేబుల్ కట్టడానికి ఎవరెవరికి అనుమతి ఉంది?’ అని రాయండి. స్తంభం నంబరు, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ గుర్తు వేసి, పక్కన మనిషిని నిలబెట్టి తీసిన ఫొటో జతచేయండి. వైరు ఎంత కిందికి దిగిందో అందులోనే తెలుస్తుంది. అయినా ఉలుకూపలుకూ లేకపోతే అదే ప్రశ్నను సమాచార హక్కు దరఖాస్తుగా పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ గుత్తిలో పనిచేయని వైర్లు బోలెడుంటాయి. కనెక్షన్ మానేసిన ఇంటి వైరును గోడ దగ్గర కత్తిరించి స్తంభం మీద అలాగే వదిలేస్తారు. దాన్ని విప్పి దించే కూలీ పాత వైరు ఖరీదు కంటే ఎక్కువ మరి. ఫైబర్ తెగితే అతుక్కి పనికొస్తుందని చుట్టలు చుట్టి కడతారు, ఆ బరువుకు లైను సాగుతుంది. ఫైబర్ గాజే కదా, భయమేముంది అనుకోకండి. దాన్ని మోసే జీఐ (జింకు పూత వేసిన) తీగ ఇనుమే. పైనున్న ఎల్‌టీ (ఇళ్లకు కరెంటిచ్చే) తీగ తెగి దాని మీద పడితే వీధి పొడవునా కరెంటు పాకుతుంది. తెగిపడిన వైరు టీవీ కేబులే అయినా ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్ ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక అక్కడ స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున తెంచారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ప్రతి స్తంభం దగ్గరా వైరుకు ఆపరేటర్ పేరుతో ట్యాగు ఉంటే ఏది తెంచాలో, ఏది ఉంచాలో లైన్‌మన్‌కే తెలిసేది.

ప్రశ్న: కేబుల్ కోసం సీసీ రోడ్డు తవ్వి సరిగా పూడ్చలేదు. కౌన్సిల్ ఆ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చా? – ఒక వార్డు కౌన్సిలర్

జవాబు: చేయలేదు. రిజిస్ట్రేషన్ కేంద్రం చేతిలో ఉంది. ఒకప్పుడు హెడ్ పోస్టాఫీసులో చేసేవారు. 2025 జనవరి నుంచి బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో, 5 ఏళ్ల గడువుతో, 5,000 రూపాయల ఫీజుతో ఇస్తున్నారు. అయితే రోడ్డు మున్సిపాలిటీదే. 1995 కేబుల్ టీవీ చట్టంలో 2011 సవరణతో వచ్చిన 4బి సెక్షన్ ప్రకారం, తవ్విన చోటును బాగుచేయించడమో, ఆ ఖర్చు వసూలు చేయడమో మీ ఇష్టం. ప్రజావసరం ఉంటే కేబుల్‌ను వాళ్ల ఖర్చుతోనే మరో చోటికి మార్పించవచ్చు.

బెడిసేది కొలతల దగ్గర. 30 మీటర్లకు అనుమతి తీసుకుని 100 తవ్వుతారు. తవ్వకముందు ఫొటోలు తీయించండి, పూడ్చాక మున్సిపల్ ఏఈ, ఆపరేటర్ కలిసి టేపు పట్టి సంతకాలు చేయాలని అనుమతి పత్రంలోనే రాయండి. మట్టిని పొరలు పొరలుగా వేసి, తడిపి దిమ్మిస కొట్టాలనీ రాయండి. ఒకేసారి కుమ్మరించి పైన కాంక్రీటు పూస్తే మొదటి వానకే కుంగుతుంది. డిపాజిట్టును ఒక వానాకాలం గడిచేదాకా తిరిగివ్వకండి.

ప్రశ్న: 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. మున్సిపాలిటీ వినోదపు పన్ను కూడా అడగవచ్చా? – ఒక కేబుల్ ఆపరేటర్

జవాబు: అడిగే వీలు రాజ్యాంగంలోనే ఉంది. 2017లో రాష్ట్రాల వినోదపు పన్ను జీఎస్టీలో కలిసినా, పంచాయతీలు, మున్సిపాలిటీలు వేసుకునే పన్నును రాష్ట్ర జాబితా 62వ పద్దులో మిగిల్చారు. కానీ దానికి రాష్ట్ర చట్టం ఆధారం ఉండాలి. నోటీసు వస్తే ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ తీర్మానం అని రాతపూర్వకంగా అడగండి. అంతవరకూ రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

ప్రశ్న: నెల బిల్లు పెంచేశారు. మున్సిపల్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లాభం లేదు, ధరలు ఆయన పరిధిలో లేవు. నెట్‌వర్క్ ఫీజుపై (పే చానెళ్ల ధర కాకుండా కనెక్షన్‌కు తీసుకునే నెల రుసుముపై) ఉన్న 130 రూపాయల పరిమితిని 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎత్తేసింది. ముందు ఎంఎస్ఓ (మీ కేబుల్ ఆపరేటర్‌కు చానెళ్లు అందించే పెద్ద సంస్థ) కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి, తర్వాత వాళ్ల నోడల్ అధికారికి రాయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.