రిసెప్షన్‌కి 5 అంగుళాల హీల్స్ వేసుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. పెళ్లికొడుకు సరిగ్గా 6 అడుగులు. వచ్చే నెల పెళ్లి, మర్నాడు సాయంత్రం రిసెప్షన్. ఫొటోల్లో అతని పక్కన మరీ చిన్నపిల్లలా కనిపిస్తానని అందరూ అంటుంటే 5 అంగుళాల పెన్సిల్ హీల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. వేసుకుని నాలుగడుగులు వేయగానే కాళ్లు వణికాయి. ఇప్పటిదాకా అంగుళంన్నర దాటి ఎప్పుడూ వేసుకోలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాళ్లు వణకడంలో నీ తప్పేమీ లేదు తల్లీ. మడమ అంత పైకి లేస్తే ఒంటి బరువు చాలావరకు వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. చీలమండకు పట్టు తగ్గుతుంది. మడమ కింద ఆనే చోటు చూస్తే చిటికెన వేలి గోరంత. అలవాటు లేని కాలు వణక్కుండా ఎలా ఉంటుంది?

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఇరవై ఆరేళ్లుగా ఆడవాళ్ల చెప్పులు అమ్ముతున్నాను. వచ్చిన ప్రతి పెళ్లికూతురూ ‘ఎన్ని అంగుళాలు?’ అనే అడుగుతుంది. నేను మాత్రం ముందు వాలు చూస్తాను. వెనక హీల్ 4 అంగుళాలుండి, వేళ్ల కింద ప్లాట్‌ఫామ్ ఒక అంగుళం ఉంటే, నీ పాదం నిలబడేది 3 అంగుళాల వాలులోనే. ఎత్తు మాత్రం 4 అంగుళాలూ కలిసొస్తుంది. నీకు నేనిచ్చే సలహా అదే. పెన్సిల్ హీల్ వెనక్కి పంపేసి, ఒక అంగుళం ప్లాట్‌ఫామ్ ఉన్న 4 అంగుళాల బ్లాక్ హీల్ (దిమ్మలా వెడల్పుగా ఉండే మడమ) తీసుకో. చీలమండ చుట్టూ బకిల్ స్ట్రాప్ ఉండాలి. మీ ఇద్దరికీ తేడా 13 అంగుళాలు. దాన్ని ఏ చెప్పూ పూర్తిగా పూడ్చలేదు, పూడ్చాల్సిన పని కూడా లేదు. తొమ్మిది అంగుళాల తేడాతో ఫొటోలు చక్కగా వస్తాయి.

ప్లాట్‌ఫామ్ మంచిదన్నానని మరీ మందంగా ఉన్నది తీసుకోకు. సోల్ వంగదు, కింద నేల ఎలా ఉందో కాలికి తెలియదు. ర్యాంప్ మీద నడవడమే వృత్తి అయిన నవోమీ క్యాంప్‌బెల్ కూడా 1993లో పారిస్‌లో, ఫ్యాషన్ డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్ షోలో అలాంటి ఎత్తు ప్లాట్‌ఫామ్ జతతోనే పడిపోయింది.

ఇంకో సంగతి చాలామందికి గుర్తుండదు: మెట్టెలు. రిసెప్షన్ పెళ్లి మర్నాడు అంటున్నావు, అప్పటికి నీ కాలికి కొత్త మెట్టెలుంటాయి. ముందువైపు సన్నగా మూసుకుపోయిన హీల్స్‌లో అవి పక్క వేళ్లను నొక్కి కోసేస్తాయి. ఏడుపు ఆపుకుంటూ స్టేజీ మీద నవ్విన అమ్మాయిలను చూశాను. వేళ్లు బయటికి కనిపించే మోడలే తీసుకో. కొనేటప్పుడు మీ అమ్మగారి మెట్టెలు పెట్టుకుని వేసి చూడు.

కొనడానికి సాయంత్రం వెళ్లు, పొద్దుటికన్నా అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రెండు పాదాలూ కొలిపించుకుని పెద్దదాని సైజు తీసుకో. ‘కాస్త వదులుగా ఉంటే సుఖం’ అని ఒక సైజు పెంచే పొరపాటు మాత్రం చేయకు. హీల్స్‌లో వదులైతే పాదం ముందుకు జారిపోతుంది, వేళ్లు స్ట్రాప్ దాటి బయటికొస్తాయి. చెప్పును బల్ల మీద పెట్టి హీల్‌ని వేలితో పక్కకు తోసి చూడు. ఊగితే ఎంత అందంగా ఉన్నా వద్దు.

కొత్త సోల్ నున్నగా ఉంటుంది. ఫంక్షన్ హాల్ గ్రానైట్ మీద పూలరేకులు, ఒలికిన కూల్‌డ్రింకులు, రాలిన అక్షింతలు ఉంటాయి, కాలికి పట్టు దొరకదు. ఉప్పుకాగితంతో సోల్‌ని నాలుగుసార్లు గట్టిగా రుద్దు. తర్వాత రోజూ పావుగంట చొప్పున పది రోజులు ఇంట్లో నడువు, చివరి మూడు రోజులూ చీర కట్టుకుని. చిన్న అడుగులు వేయి, చూపు ఎదురుగా ఉంచు. మెట్లు దిగేటప్పుడు పాదాన్ని కొంచెం పక్కకు తిప్పి పూర్తిగా ఆనించు.

చీర కట్టించుకునే ముందే హీల్స్ వేసుకుని నిలబడు. లేకపోతే అంచు నాలుగు అంగుళాలు పైకి పోయి చెప్పులన్నీ బయటపడతాయి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మధ్యలో నొప్పి పుట్టి హీల్స్ విప్పి మామూలు చెప్పులు వేసుకుంటే కుచ్చిళ్లు నేలమీద పడి కాళ్లకు అడ్డం తగులుతాయి. అందుకే మార్చుకునే జత 2 అంగుళాల వెడ్జెస్ (మడమ, సోల్ ఒకే దిమ్మగా కలిసి ఉండేవి) అయితే మేలు. మార్చగానే కుచ్చిళ్లు కాస్త పైకి దోపించుకో.

స్టేజీ గురించి కచ్చితంగా చెప్పాలి. 1998లో మా చెల్లి రిసెప్షన్‌కి నాలుగున్నర అంగుళాల పెన్సిల్ హీల్స్ వేసుకున్నాను. స్టేజీ చెక్కల మధ్య సందు మీద కార్పెట్ పరిచారు, కింద ఖాళీ ఉందని తెలియలేదు. హీల్ అందులో దిగింది. చీలమండ బెణికి మూడు వారాలు క్రేప్ బ్యాండేజీతో ఉన్నాను. చెల్లి అప్పగింతల వేళ లేచి నిలబడలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ముందురోజే మీ తమ్ముణ్ణో అన్ననో పంపి స్టేజీ మీద నడిచి చూడమను. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పెళ్లికొడుకు చెయ్యి పట్టుకో. రిసెప్షన్ పచ్చిక లాన్‌లో అయితే సన్నని హీల్ మాట మర్చిపో, మట్టిలోకి దిగిపోతుంది. అతిథులు రావడం కాస్త తగ్గిన ప్రతిసారీ కూర్చో.

ప్రశ్న: నగల షోరూమ్‌లో పని చేస్తాను. యూనిఫామ్‌తో పాటు 3 అంగుళాల నల్ల హీల్స్ తప్పనిసరి. తొమ్మిది గంటలు నిలబడాలి. రెండు నెలలుగా మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంటగా, తిమ్మిరిగా ఉంటోంది. చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయం.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఆ మంటను అశ్రద్ధ చేయకండి. వేళ్లు ఇరుక్కుని ఒత్తిడి పడుతూ ఉంటే వాటి మధ్య నరం చుట్టూ మందం కట్టవచ్చు. ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌కి చూపించుకుని, చెప్పుల గురించి సలహాను చీటీ మీద రాయించుకోండి. మేనేజర్‌కి ఆ చీటీ చూపించి అడగండి. మీ నోటి మాటకన్నా దానికి విలువ ఎక్కువ. హీల్ ఎత్తు ఒక్కసారిగా తగ్గించకండి, ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లకు పిక్క కండరం బిగుసుకుపోయి, ఫ్లాట్ చెప్పులతో మడమ వెనక లాగుతుంది. వారానికి కొంచెం చొప్పున దించండి.

ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. లండన్‌లో నికోలా థార్ప్ అనే రిసెప్షనిస్టును ఫ్లాట్ షూస్‌తో వచ్చిందని ఇంటికి పంపేశారు. 2016లో ఆమె పెట్టిన పిటిషన్‌కి లక్షన్నరకు పైగా సంతకాలు వచ్చాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2017లో హీల్స్ తప్పనిసరి చేయకూడదని నిబంధన తెచ్చింది. మన దక్షిణాదిలోనే కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టం సవరించాయి. తోటి అమ్మాయిలు నలుగురు కలిసి అడగండి, కనీసం ఒక స్టూలు, నల్ల ఫ్లాట్ షూస్.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. స్కూల్ యాన్యువల్ డేకి 4 అంగుళాల హీల్స్ కావాలని మారాం చేస్తోంది. కొనొచ్చా?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: వద్దండీ. ఇంకా ఎదిగే పాదం. అంగుళంన్నర బ్లాక్ హీల్, మెరిసే స్ట్రాప్ ఉన్నది చూపించండి. డాన్స్ కోసమైతే ఆ ఒక్క పాటకే వేసుకోనివ్వండి, మిగతా సాయంత్రానికి బ్యాగ్‌లో మామూలు చెప్పులు పెట్టండి.