ఎండినా చావని నాచు... ఆ గుణం వరికి వస్తుందా?

ప్రశ్న: మా బావి గట్టు మీద నాచు ఎండాకాలమంతా మాడి నల్లగా ఉంటుంది. ఒక్క వాన పడితే చాలు, చూస్తుండగానే పచ్చబడుతుంది. కరువును తట్టుకునే ప్రోటీన్ ఏదో అందులో ఉందని మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడు. ఆ గుణమున్న వరి విత్తనం ఎక్కడైనా దొరుకుతుందా? నాచును ఉడకబెట్టి ఆ నీళ్లు పైరు మీద కొడితే పనిచేస్తుందా? మాది ఎకరంన్నర వర్షాధారం. పోయినేడు వెద వేసిన వరి మొలకెత్తాక వాన మొహం చాటేసింది. మొత్తం పోయింది.
– ఒక రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: నాచు జన్యువు పెట్టిన వరి విత్తనం మన దేశంలో సాగుకు లేదండి. ఎవరైనా ఉందని సంచి చూపిస్తే కొనకండి. ఉడకబెట్టిన నీళ్లు కూడా పనిచేయవు. అయితే మీ అబ్బాయి చెప్పింది మాత్రం నిజం. మీ వెద వరికి పనికొచ్చే సంగతి కూడా అందులోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ అబ్బాయి చెప్పిన, కరువును తట్టుకునే ఈ ప్రోటీన్లను ఎల్‌ఈఏ ప్రోటీన్లు అంటారు. గింజ తయారయ్యే చివరి దశలో నిండుగా చేరేవి అని ఆ ఇంగ్లిష్ పొడి అక్షరాల అర్థం. మొదట బయటపడింది నాచులో కాదు, 1980ల తొలినాళ్లలో పత్తి గింజలో. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. మామూలు ప్రోటీన్ ఒక నిర్దిష్టమైన ఆకారంలోకి ముడుచుకుంటేనే పనిచేస్తుంది. వేడి తగిలినా, నీరు పోయినా ఆ ముడుపు చెడి, ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి. కోడిగుడ్డు ఉడికితే తెల్లసొనకు జరిగేది అదే. ఎల్‌ఈఏ ప్రోటీన్ల తీరు వేరు. వీటిలో నీటితో కలిసిపోయే అమైనో ఆమ్లాలే ఎక్కువ. కణంలో నీరున్నంతసేపు వీటికి ఆకారమంటూ ఉండదు, గొలుసు వదులుగా తేలుతూ ఉంటుంది. కొన్ని రకాల్లో 11 అమైనో ఆమ్లాల వరుస ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. నీరు తగ్గేకొద్దీ ఆ భాగం మెలి తిరుగుతుంది. మెలికి ఒక వైపు నీటిని, రెండో వైపు కొవ్వును ఇష్టపడేవి చేరతాయి. కొవ్వు వైపు కణం పొరకు ఆనుకుని ఆ పొర చెదరకుండా కాస్తుంది. పక్కనున్న ప్రోటీన్లు గడ్డకట్టకుండా కూడా ఇవే అడ్డుపడతాయి. మళ్లీ నీరు రాగానే మెలి విడిపోతుంది.

విచిత్రమేమిటంటే ఇవి ఉడికించినా గడ్డకట్టవు. ల్యాబులో వీటిని వేరుచేసేటప్పుడు రసాన్ని మరిగిస్తారు కూడా. మిగతా ప్రోటీన్లు చాలావరకు విరిగి అడుగుకు చేరతాయి, ఇవి నీళ్లలో మిగులుతాయి. అంటే మీ నాచు కషాయంలో ఆ ప్రోటీన్ నిజంగానే ఉండొచ్చు! కానీ అంత పెద్ద అణువు ఆకు మీద పడితే కణం లోపలికి పోలేదు. దాని పనంతా లోపలే. ఏ కణానికి కావలసింది ఆ కణమే తయారు చేసుకోవాలి.

నాచులో వీటి పాత్ర ఎంతో తేలింది ఫిస్కోమిట్రెల్లా అనే చిన్న నాచు మీద. కావలసిన జన్యువును కచ్చితంగా తీసేయడం అందులో తేలిక. 2006లో ఈ కోవకే చెందిన డీహైడ్రిన్ జన్యువు ఒకటి తీసేసి చూస్తే, ఉప్పు, నీటి ఎద్దడి నుంచి ఆ నాచు సరిగా కోలుకోలేకపోయింది.

ఇక మీ వరి దగ్గరికి వద్దాం. ఈ ప్రోటీన్లు వరిలోనూ ఉన్నాయి, గింజ గట్టిపడే చివరి రోజుల్లో నిండుగా చేరతాయి. ఏడాది పాటు గాదెలో ఎండి కూడా విత్తనం బతకడానికి ఇవీ ఒక ముఖ్య కారణం. నాచు వీటిని ఆకుల్లోనే తయారు చేసుకుంటుంది, వరి మాత్రం మొలకెత్తగానే ఆ రక్షణ వదులుకుంటుంది. పోయినేడు మీ చేలో జరిగింది ఇదే. గింజగా ఉండి ఎండితే బతికేది, మొలకయ్యాక ఎండింది.

అందుకని ఈసారి పొడి దుక్కిలో వెద వేస్తే గింజ రెండు వేళ్ల లోతున పడేలా చూడండి. పైపైన ఉంటే చిన్న జల్లుకే మొలక లేస్తుంది, తర్వాత టెన్షన్ మీకు. జల్లు పడ్డాక నాలుగైదు రోజులు మళ్లీ చినుకు లేకపోతే నాలుగైదు చోట్ల మట్టి తీసి గింజలు చూడండి. ఉబ్బి, పొట్టు పగలకుండా ఉన్న గింజకు భయం లేదు. పొట్టు పగిలి, బయటికొచ్చిన తెల్ల మొలక వాడి ముడుచుకుంటే అది ఇక లేవదు. అనుమానంగా ఉంటే చేలోని గింజలు ఓ వంద ఏరి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. సగం కూడా మొలవకపోతే మళ్లీ విత్తడమే మేలు. విత్తనం మొత్తం ఒకేసారి వేసేయకుండా కొంత దాచుకోమనేది అందుకే.

నాచు గుణం మొత్తం వరికి వచ్చేసినా నాకు పెద్ద ఆశ లేదు. నాచు ఎండినప్పుడు పెరగదు, ఊరికే పడి ఉంటుంది. మనకు కావలసింది పడి ఉండే పైరు కాదు, ఎద్దడిలోనూ గింజ కట్టే పైరు. ఆ దారిలో భారత వ్యవసాయ పరిశోధన మండలి 2025 మేలో పూసా డీఎస్టీ రైస్ 1 అనే వరి రకాన్ని ప్రకటించింది. మన ఎంటీయూ 1010 వరి రకంలోని సొంత జన్యువునే సవరించి చేసినది, బయటి జన్యువు పెట్టలేదు.

పైరు నిలిచాక బెట్ట వస్తే లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (13-0-45) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. జులై చివరికీ పదును దొరక్కపోతే ఆ చేలో వరి మీద పట్టు వదిలి చోడి (రాగి) నాటుకోండి. నారు ముందే పోసి ఉంచాలి. వేగవతి లాంటి విజయనగరం రకాలు మీకు తెలిసినవే. అదీ కుదరకపోతే ఉలవలున్నాయి.