తుపాకీ పెనుగులాట కేసు చేపట్టిన మేనల్లుడికి

నల్లగొండ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

దేవరకొండ దగ్గరి అన్నదమ్ముల కేసు నీకు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. బోరు మోటారు దగ్గర గొడవ, తమ్ముడి చేతిలోని నాటు తుపాకీని అన్న లాక్కోబోయాడు, అది పేలి తమ్ముడు పోయాడు. "దానంతట అదే పేలింది" అంటున్నాడట నీ కక్షిదారు. ఇలాంటి కేసుల్లో ఆ మాట అనని ముద్దాయిని నేను చూడలేదు.

ముందు చొక్కా సంగతి తేల్చుకో. చనిపోయినవాడి చొక్కా. నిజంగా పెనుగులాడి ఉంటే గొట్టం ఒంటికి ఆనుకునో జానెడు దూరంలోనో ఉంటుంది. మసి, కమిలిన అంచు, కాలని మందు రవ్వలు కనబడాలి. ఒక్కోసారి మసినంతా బట్టే పట్టేస్తుంది, చర్మం చూసిన డాక్టరు "మసి లేదు" అని రాసేస్తాడు. చొక్కాను స్వాధీనం చేసుకున్నారా, ల్యాబుకు పంపారా, పంచనామాలో వెతుకు. కుదుపుకు పేలే తుపాకీయా కాదా అన్నది కూడా నిపుణుడి చేత చెప్పించు.

ఒకసారి నేను ఇదేమీ చూడకుండానే పెనుగులాట వాదన ఎత్తుకున్నాను. గుండు వీపులోంచి దూరిందని డాక్టరు బోనులో నిలబడి చదివాడు. ఆ నివేదిక నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది!

తర్వాత, ఎన్నిసార్లు పేలింది? భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన 1959 నాటి కేసులోనూ వాదన రివాల్వరు కోసం పెనుగులాటే. కానీ తగిలినవి మూడు గుండ్లు, హతుడి నడుముకు చుట్టిన తువ్వాలు ఊడనే లేదు. జ్యూరీ 8–1తో నిర్దోషి అన్నా హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఘటన 2024 జులై 1కి ముందుదైతే పాత శిక్షాస్మృతే. తర్వాతదైతే దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత: తగిన జాగ్రత్తతో చట్టబద్ధమైన పని చేస్తుండగా ప్రమాదమైతే 18వ సెక్షన్ కింద నేరమే లేదు, నిర్లక్ష్యమైతే 106 కింద ఐదేళ్ల వరకు. అప్పటికప్పుడు రేగిన కొట్లాట అయితే హత్యను నిర్వచించే 101లోని నాలుగో మినహాయింపు పట్టుకుని 105కు, అంటే హత్య కిందకు రాని నరహత్యకు, దించవచ్చు. అదీ నిలవకపోతే 103 కింద హత్యే, యావజ్జీవమో ఉరో. లైసెన్సు లేని తుపాకీ సంగతి ఆయుధాల చట్టం చూసుకుంటుంది.

ప్రమాదమంటే "నేను పేల్చలేదు" అని, ఆత్మరక్షణంటే "పేల్చాను, తప్పలేదు" అని. రెండూ వాదించడానికి చట్టం అడ్డు చెప్పదు కానీ నాకు నచ్చదు. జైలులో కలిసినప్పుడు ఒక్కటే అడుగు: మీట మీద వేలు ఎవరిది? ఏం చెప్పాలో మాత్రం నేర్పకు.

ఆదివారం కాగితాలన్నీ పట్టుకుని రా. అత్తయ్య సర్వపిండి చేస్తానంది.

మామయ్య