పడవ కంటే ముందు స్కిప్పర్‌ని చూడు

పెదవాల్తేరు, విశాఖపట్నం

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. జనవరిలో మలేషియాలోని లంకావి నుంచి బయల్దేరి శ్రీలంక, మాల్దీవుల మీదుగా సీషెల్స్ దాకా, 42 అడుగుల పడవలో నలుగురు. దారి మంచిది, కాలమూ మంచిదే. ఆ రోజుల్లో శ్రీలంక దాకా ఈశాన్య గాలి వెనక నుంచి తోస్తుంది, బంగాళాఖాతంలో తుపాన్ల భయం బాగా తగ్గి ఉంటుంది. వెళ్ళొద్దని నేననను. కానీ నువ్వు అడిగినవన్నీ దీవుల గురించే. పడవ నడిపే మనిషి, అంటే స్కిప్పర్ గురించి ఒక్క ప్రశ్నా లేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

రేవు వదిలాక ఆ పడవలో ఆయన మాటే చెల్లుతుంది. నచ్చలేదు దిగిపోతానంటే దిగడానికి చోటుండదు. అందుకే ఒడ్డున ఉండగానే అడగాల్సినవన్నీ అడుగు. ఇంతకుముందు ఆయనతో వెళ్ళినవాళ్ళలో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకో, అందులో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. "మళ్ళీ ఆయనతో వెళ్తారా?" అని అడిగి, జవాబు వెంటనే వచ్చిందా, ఆలోచించి వచ్చిందా గమనించు. నంబర్లు ఇవ్వడానికే ఆయన నసిగితే ఆ పడవ వదిలెయ్, ఇంకోటి దొరుకుతుంది. మందు సంగతి కూడా అడుగు. లంగరు వేశాక ఆయనిష్టం, ప్రయాణంలో మాత్రం చుక్క కూడా ముట్టకూడదు. నీకు గడియ పెట్టుకునే తలుపున్న క్యాబిన్ ఉందా, లేదా? ఇవి అడగడానికి మొహమాటపడకు. సరైన స్కిప్పర్ అయితే ఈ ప్రశ్నలు విని నీ మీద గౌరవం పెంచుకుంటాడు.

లంకావికి కనీసం వారం ముందే చేరుకో. ఒక రాత్రి సముద్రం మీద గడిపేలా, దగ్గర్లోనే తిరిగి రండి. ఏదో ఒక తాడు చిక్కుపడుతుంది, ఎవరో ఒకరు ఒకటి లాగబోయి ఇంకోటి లాగుతారు. అప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో విను. మొదటి రోజే అరిచే మనిషి, నిద్ర చాలని మూడో వారంలో ఇంకా గట్టిగా అరుస్తాడు. చీకటి పడకముందే తెరచాప తగ్గించుకుంటాడా, గాలి ముంచుకొచ్చాక పరిగెడతాడా అన్నది కూడా చూడు. మన వైజాగ్ అమ్మాయి, నేవీ అధికారిణి పి. స్వాతి ఐదుగురు తోటి అధికారిణులతో కలిసి 2017 సెప్టెంబరులో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి, భూమిని చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళు నేరుగా ఆ ప్రయాణానికి వెళ్ళిపోలేదు. అంతకుముందే మ్హాదేయి పడవలో మారిషస్ దాకా వెళ్ళొచ్చారు, ఒకరి సంగతి ఒకరికి తెలిశాకే పెద్ద ప్రయాణానికి దిగారు. నీకు వారమే ఉంటుంది, ఆ వారాన్ని వదులుకోకు. అప్పటికీ మనసు ఒప్పకపోతే సంచి తీసుకుని దిగిపో. టికెట్ డబ్బులు పోయాయని చూడకు. ఎక్కడి నుంచైనా ఇంటికి రావడానికి సరిపడా డబ్బు వేరే ఖాతాలో ఉంచుకో, దాన్ని దేనికీ వాడకు.

కాగితాల గురించి చెప్పాల్సినవి కొన్నే. తిండికీ డీజిల్‌కీ రేవు ఫీజులకీ నీ వాటా ఎంతో ముందే రాయించుకో. విమానంలో దిగినవాళ్ళకి అక్కడికక్కడ ఇచ్చే వీసా పడవలో వచ్చినవాళ్ళకి ఇవ్వకపోవచ్చు, ప్రతి దేశం సంగతీ విడిగా కనుక్కో. పడవ దిగేటప్పుడు క్రూ లిస్ట్ (పడవలో పనిచేసేవాళ్ళ జాబితా)లోంచి నీ పేరు తీయించుకున్నాకే ఎయిర్‌పోర్టుకి వెళ్ళు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలావాటిలో తీరానికి దూరంగా చేసే ఇలాంటి ప్రయాణం ఉండదు, పాలసీ చదివి కొను. శాటిలైట్ ఫోన్ మాత్రం ఇంటికి తేవద్దు. ఇరిడియం, తురాయా లాంటివి అనుమతి లేకుండా మన దేశంలోకి తెస్తే కేసు పెడతారు.

ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న తెరచాప పడవ నడిపావు కాబట్టి గాలి సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అక్కడ బోల్తాపడితే నవ్వుకుంటూ మళ్ళీ ఎక్కేవాళ్ళు, రెస్క్యూ బోటు పక్కనే ఉండేది. నడిసముద్రంలో, అందులోనూ రాత్రి పూట, నీళ్ళలో పడిన మనిషి దొరకడం చాలా కష్టం. 6 నాట్ల వేగంతో, అంటే గంటకి సుమారు 11 కిలోమీటర్లతో పోయే పడవ అర నిమిషంలో 90 మీటర్లు దాటేస్తుంది, తల అలల్లో కలిసిపోతుంది. ఎవరైనా పడితే ఒకరు వేరే ఏ పనీ పెట్టుకోకుండా, కళ్ళు తిప్పకుండా, ఆ మనిషి వైపు వేలు చూపిస్తూనే ఉండాలి. అసలు పడకుండా చూసుకోవడమే పని. రాత్రి డ్యూటీకి లేచినప్పుడు మెట్ల మీద ఉండగానే, ఇంకా పైకి ఎక్కకముందే, ఒంటికి కట్టుకునే పట్టీల (హార్నెస్) కొక్కెం పడవకి తగిలించు. రెండు కొక్కేలున్న తాడు తీసుకుని, ఒకటి పడ్డాకే రెండోది విప్పు. టక్కుమన్న శబ్దం వినిపించినా చేత్తో ఓసారి గట్టిగా లాగి చూడు, చీకట్లో కొక్కెం పక్కనుంచి ఆనుకుని పడినట్టే అనిపిస్తుంది. మాతో వచ్చిన ఒక కుర్రాడు, గాలి లేదు కదా అని కొక్కెం లేకుండా ఒంటేలుకి వెనక అంచున నిలబడ్డాడు. ఒక్క ఊపు ఊగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చొక్కా అందింది. సముద్రం బాగున్న రాత్రే ఎక్కువ జాగ్రత్తగా ఉండమని నేను ఊరికే చెప్పడం లేదు.

డ్యూటీలో ఫోన్ చూడకు, కళ్ళు చీకటికి అలవాటు పడవు. పది నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడు. 20 నాట్లతో వచ్చే ఓడ లైటు కనిపించిన పావుగంటకే నీ మీదికి రావచ్చు. శ్రీలంక దక్షిణ కొస, దొండ్రా దగ్గర ఓడల రద్దీ విపరీతం. దానికి తోడు చేపల పడవలు, మన జాలారిపేట పడవల్లాగే వాటిలో చాలావాటికి, తామెక్కడున్నామో రేడియోలో మిగతా ఓడలకి తెలిపే ఏఐఎస్ ఉండదు. కళ్ళతోనే పట్టుకోవాలి. సోమాలియా దొంగల దాడులు 2023 చివరి నుంచి మళ్ళీ కనిపిస్తున్నాయి. సీషెల్స్ దారి గురించి స్కిప్పర్ ఆలోచన ఏంటో అడిగి తెలుసుకో.

మొదటి రెండు మూడు రోజులు వాంతులు అవుతాయి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. వాంతులు ఆపే అవోమిన్ మాత్ర నీకు పడుతుందో లేదో ఇక్కడే ఒకరోజు వేసుకుని చూడు, చాలామందికి మగత వస్తుంది. మంచినీళ్ళు లెక్క ప్రకారమే వాడాలి. స్నానం ఉప్పునీళ్ళతో చేసి, చివర్లో ఒక మగ్గు మంచినీళ్ళు పోసుకో. ఉప్పు ఒంటి మీద ఆరిపోతే కూర్చునేచోట పుళ్ళు లేస్తాయి. పగడపు దిబ్బ గీసుకుంటే చిన్న గాయమే కదా అని వదలకు, వెంటనే కడిగి మందు రాయి, ఆ వేడికి చీము పట్టేస్తుంది. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో తీసుకెళ్ళు, గాజు సీసా వద్దు. చేపలంటే నీకు ప్రాణమని తెలుసు, అయినా దిబ్బల దగ్గర పట్టిన పెద్ద చేపలు తినకు. వాటిలో సిగ్వటెరా అనే విషం ఉండొచ్చు. ఎంత ఉడికించినా పోదు, అది ఒంట్లో చేరితే చన్నీళ్ళు తాకినా మంట పెట్టినట్టుంటుంది. నడిసముద్రంలో పట్టిన సూర చేపని వెంటనే కోసి వండుకుంటే పర్లేదు.

మాల్దీవుల దిబ్బల మధ్యకి ఉదయం పది తర్వాత, మూడు లోపే వెళ్ళాలి. సూర్యుడు నెత్తిమీదో వెనకో ఉంటే నీళ్ళ రంగు కనిపిస్తుంది: ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ ఇసుక, గోధుమ రంగు దిబ్బ. పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకుని ముందు నిలబడే పని నువ్వే అడిగి తీసుకో, అంతకంటే బాగా నేర్చుకునే చోటు ఉండదు. మాల్దీవుల దక్షిణ కొసన ఉన్న అద్దు దీవుల నుంచి సీషెల్స్‌కి సుమారు 1,100 నాటికల్ మైళ్ళు. భూమధ్యరేఖకి అంత దగ్గర్లో తుపాన్లు దాదాపు పుట్టవని మీ అమ్మకి చెప్పు, హుద్‌హుద్ చూసినప్పటి నుంచి ఆవిడకి అదే టెన్షన్. అక్కడ ఇబ్బంది గాలి లేకపోవడం. పది రోజులనుకున్నది పదిహేను కావచ్చు.

పడవ పేరు, రంగు, రిజిస్ట్రేషన్ నంబరు, నలుగురి పేర్లు, ప్రమాదం వస్తే ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ఈపీఐఆర్‌బీ నంబరు, ఒక్కో రేవుకి చేరాల్సిన తేదీ ఒక కాగితం మీద రాసి మీ అమ్మకివ్వు. ఎన్ని రోజులు ఆలస్యమైతే కంగారు పడాలో, అప్పుడు ముందుగా ఎవరికి చెప్పాలో కూడా అందులోనే రాయి. మన కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఇంకో కాపీ నాకు పంపు. స్కిప్పర్‌తో వీడియో కాల్ ఆదివారం పెట్టుకో, నేనూ పక్కన కూర్చుంటాను.

మావయ్య